అటక దిగిన కెమెరా



కాలేజీ పిల్లలకు ఈమధ్య కొత్త మోజు పట్టుకుంది. చేతిలో ఖరీదైన ఫోను ఉంటుంది. అయినా తాము ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో ఇంట్లో కొన్న బుల్లి డిజిటల్ కెమెరా కోసం బీరువాలు, అటకలు వెతుకుతున్నారు. అరచేతిలో ఇమిడిపోయి, బటన్ నొక్కగానే లెన్సు చప్పుడు చేసుకుంటూ ముందుకొచ్చే కెమెరా, అదే. ఫోను ఫోటోలు మరీ నున్నగా, అన్నీ ఒకేలా ఉంటున్నాయట. ఆ పాత రంగులు, మొహం మీద పడే ఆ ఫ్లాష్ వెలుగు వీళ్లకి ముచ్చటగా ఉన్నాయి.

ఒకప్పుడు లోకమంతా వీటిదే రాజ్యం. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌లోకి వెళ్లాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ చిన్నవే. 2023 నాటికి చిన్న కెమెరాల లెక్క ఇరవై లక్షల లోపుకి పడిపోయింది. దాంతో వాటిని బాగుచేసేవాళ్లూ తగ్గారు, స్పేర్ పార్టులూ దొరకడం లేదు. అటక మీంచి దింపిన కెమెరా మొరాయిస్తే మనమే చూసుకోవాలి. అయితే భయపడాల్సిందేం లేదు. జనం “కెమెరా పోయింది” అని పక్కన పడేసిన వాటిలో చాలావాటికి నిజానికి కెమెరా పోలేదు. బ్యాటరీ పోయి ఉంటుంది, కార్డు కుదరక ఉంటుంది, లేదా ఎవరో ఎప్పుడో నొక్కిన సెట్టింగు అలాగే ఉండిపోయి ఉంటుంది.

లోపం వెతికేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి. ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. బ్యాటరీ, కార్డు, సెట్టింగులు మూడూ ఒకేసారి మార్చేస్తే కెమెరా పని చేయడం మొదలుపెట్టొచ్చుగానీ, రోగం ఎక్కడుందో మీకు తెలీదు. వచ్చే నెల మళ్లీ మొదటికే వస్తారు.

ముందు బ్యాటరీ సంగతి.

ఈ కెమెరాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి పెన్సిల్ సెల్స్‌తో నడిచేది, రెండోది పలకలాంటి లిథియం బ్యాటరీతో నడిచేది. పెన్సిల్ సెల్స్ కెమెరా తెచ్చుకున్నవాళ్లు చేసే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: “ఇప్పుడే కొత్త సెల్స్ వేశానండీ, నాలుగు ఫోటోలకే ఆగిపోయింది.” ఏ సెల్స్ వేశారని అడిగితే గోడ గడియారంలో వేసే చవక సెల్స్ చూపిస్తారు. గడియారానికి కావలసిన కరెంటు చాలా తక్కువ. కెమెరా అలా కాదు. లెన్సు కదిలించాలన్నా, ఫ్లాష్ నింపాలన్నా ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. ఆ ఊపులో చవక సెల్ వోల్టేజి కూలబడిపోతుంది. కెమెరా దాన్ని చూసి బ్యాటరీ అయిపోయిందనుకుని మూసుకుంటుంది. కెమెరాలో చచ్చిపోయిందనుకున్న ఆ సెల్‌నే తీసి గడియారంలో వేయండి, నెలల తరబడి నడుస్తుంది.

ఆల్కలైన్ సెల్స్ కొంత నయం, కానీ అవీ ఎక్కువ సేపు తట్టుకోవు. ఈ కెమెరాకి సరిపోయేవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్. వాటి మీద 1.5 వోల్టులు కాకుండా 1.2 వోల్టులని రాసి ఉంటుంది. అది చూసి తక్కువ రకమనుకోకండి. అంత కరెంటు లాగినా వాటి వోల్టేజి నిలబడుతుంది. పాతకాలం రీచార్జబుల్ సెల్స్ చార్జి చేసి పక్కన పెడితే కొన్ని వారాల్లోనే దిగిపోయేవి. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం నెలలు గడిచినా చార్జి నిలుపుకుంటుంది. ఆ తరవాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ప్యాకెట్ మీద “లో సెల్ఫ్ డిశ్చార్జ్” అని ఉందేమో చూసి కొనండి. రెండు సెల్స్ వేసే చోట ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపొద్దు.

పెన్సిల్ సెల్స్ లోపలే వదిలేసి అటక మీద పెట్టిన కెమెరా అయితే మూత తీయగానే స్ప్రింగుల మీద తెల్లటి పొడి కనిపించొచ్చు, కొన్నిచోట్ల పచ్చగా పట్టి ఉంటుంది. సెల్ కారి ఎండిపోయిందన్నమాట. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం. దూదిపుల్లకి ఒక్క చుక్క వెనిగరో నిమ్మరసమో అంటించి ఆ మచ్చ మీదే రుద్దండి. తరవాత పొడి దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చాకే కొత్త సెల్స్ వేయండి. ఒక్క చుక్క అన్నానని గుర్తుంచుకోండి. మూత తెరిచి లోపల పోశారంటే మిగతాది కూడా పోతుంది.

లిథియం బ్యాటరీకి ఇంకో చిక్కు. పూర్తిగా ఖాళీ అయ్యాక ఏళ్ల తరబడి పడి ఉంటే, దాని వోల్టేజి ఎంత కిందికి దిగిపోతుందంటే చార్జరు కూడా దాన్ని పట్టించుకోదు. లైటు మిణుకు మిణుకుమని ఊరుకుంటుంది. అలాంటిదాన్ని ఏవేవో వైర్లు కలిపి లేపొచ్చని ఇంటర్నెట్‌లో వీడియోలు చూపిస్తారు. ఆ జోలికి వెళ్లొద్దు. ఇక బ్యాటరీ గూట్లోంచి రావడానికి ఇబ్బంది పెడుతున్నా, పొట్ట ఉబ్బినట్టు కనిపించినా అది పనికిరాదు. దాన్ని గుచ్చకండి, నొక్కకండి, చెత్తబుట్టలో వేయకండి. కొత్తది కొనేటప్పుడు మోడల్ నంబరు బ్యాటరీ మీదే ఉంటుంది, అది చూపించి అడగండి. కంపెనీది దొరక్కపోతే డూప్లికేట్ దొరుకుతుంది. దాని మీద రాసినంత సేపు రాకపోవచ్చు, అయినా కెమెరాలో ప్రాణం ఉందో లేదో తేల్చడానికి చాలు.

బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కెమెరా తేదీ అడుగుతోందా? లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది. చాలా మోడళ్లలో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జి అవుతుంది. నిండుగా చార్జి చేసిన బ్యాటరీని ఒక రోజంతా లోపల ఉంచితే సర్దుకుంటుంది. కొన్నిట్లో గుండీ సెల్ విడిగా ఉంటుంది, అది మార్చాలి. తేదీదేముందిలే అని వదిలేస్తే ఈ సంక్రాంతి ఫోటోలు కంప్యూటర్‌లో ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లి కూర్చుంటాయి.

ఇప్పుడు లెన్సు దగ్గరికొద్దాం. అన్నిటికంటే ఎక్కువ గుండె గుభేల్మనిపించేది ఇదే.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న అమ్మాయి ఒకరోజు కెమెరా పట్టుకుని వచ్చింది. “అంకుల్, లెన్స్ బయటికొచ్చి ఇరుక్కుపోయింది. లోపలికి తోస్తే వెళ్తుందా?” అంది. తొయ్యొద్దమ్మా అని తీసుకుని చెవి దగ్గర పెట్టి ఆన్ చేశాను. లోపల చిన్న మోటారు జిర్రుమంది, ఆగింది, మళ్లీ జిర్రుమంది. స్క్రీన్ మీద “లెన్స్ ఎర్రర్” అని పడి కెమెరా ఆరిపోయింది. మోటారు తిరుగుతోంది కాబట్టి ప్రాణం ఉంది. ఏదో అడ్డం పడింది. టార్చి వేసి చూస్తే, ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఆ గొట్టాల మధ్య సందులో మెరుస్తూ ఒక ఇసుక రేణువు. “వైజాగ్ వెళ్లొచ్చారా?” అన్నాను. “మీకెలా తెలుసంకుల్?” అంది.

ఆ సందు సన్నం. వెంట్రుక పట్టే జాగాలో ఒక రేణువు దూరితే చాలు, ప్లాస్టిక్ పళ్ల చక్రం తిరగలేదు. దీనికి చేయాల్సింది ఇంతే. లెన్సు నేలవైపు వంచి, కెమెరా దుకాణాల్లో దొరికే రబ్బరు బ్లోయరుతో ఆ సందు చుట్టూ గాలి కొట్టాలి. నోటితో ఊదితే తుంపర్లు లోపలికి వెళ్తాయి. పల్చటి కాగితం ముక్కని సందులో పెట్టి గొట్టం చుట్టూ మెల్లగా తిప్పితే కూడా రేణువు బయటికి రావచ్చు. ఆ తరవాత నిండా చార్జి ఉన్న బ్యాటరీ వేసి, లెన్సు కిందికే వంచి ఆన్ చేయాలి. ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. లెన్సు సగంలో ఉండగా చార్జి అయిపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది. అందుకే గాలి కొట్టడానికి ముందే బ్యాటరీ మార్చి చూడండి, ఆ తరవాతే ఇసుక. ఆ అమ్మాయి కెమెరా గాలికే తేరుకుంది. కింద పడి గొట్టం వంకరపోయిన కెమెరా మాత్రం గాలికి బాగవదు. దాన్ని బలవంతాన తోస్తే పళ్లు విరుగుతాయి, అక్కడితో సరి.

లెన్సు కదలకపోయినా లోపలి ఫోటోలు చూడొచ్చు. చాలా కెమెరాల్లో ఆన్ బటన్ నొక్కకుండా, ఫోటోలు చూసే బాణం గుర్తు బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే, లెన్సు బయటికి రాకుండానే కెమెరా తెరుచుకుంటుంది. ఫోటోల మూలల్లో నల్లటి నెలవంక పడుతోందా? లెన్సు ముందుండే సన్నటి రేకులు పూర్తిగా తెరుచుకోవడం లేదు. దానికీ ఆ బ్లోయరే మందు.

కార్డు విషయంలో ఇప్పటి పిల్లలు చేసే పొరపాటు వేరు. 2004 నాటి కెమెరాకి 64 జీబీ కార్డు కొని పెడతారు. కెమెరా దాన్ని గుర్తుపట్టదు. ఎస్డీ కార్డు 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి తెచ్చాయి. ఆ మొదటి రకం 2 జీబీతో ఆగిపోయింది. 2006లో ఎస్డీహెచ్‌సీ వచ్చింది, అది 32 జీబీ దాకా. 2009లో ఎస్డీఎక్స్‌సీ వచ్చింది, అది అంతకు పైన. చూడడానికి మూడూ ఒకే ఆకారం, ఒకే గూట్లో పడతాయి. కొత్త కెమెరా పాత కార్డుని చదువుతుంది గానీ, పాత కెమెరా కొత్త కార్డుని చదవదు. 2006కి ముందు కెమెరా అయితే 2 జీబీ లేదా అంతకు తక్కువ కార్డే కావాలి. కొత్తవి దొరకడం కష్టం. పాత ఫోన్లలో వాడిన చిన్న మైక్రో కార్డు ఎక్కడన్నా పడి ఉంటే, అడాప్టర్‌లో పెట్టి ప్రయత్నించండి. మీ కెమెరా సోనీదైతే మెమరీ స్టిక్ అడుగుతుంది, ఒలింపస్, ఫ్యూజీల్లో కొన్ని ఎక్స్‌డీ కార్డు అడుగుతాయి. వాటికి పాత సామాన్లు అమ్మేవాళ్లే దిక్కు.

“కార్డు లాక్డ్” అంటే భయపడకండి. కార్డు ఎడమ పక్కన చిన్న జారుడు మీట ఉంటుంది. అది కిందికి దిగితే కెమెరా రాయనంటుంది. తమాషా ఏమిటంటే ఆ మీటకి కార్డు లోపల దేనితోనూ సంబంధం లేదు. అది ఎక్కడుందో కెమెరా గూడు తడిమి చూసుకుంటుందంతే. మీట ఊడిపోయిన కార్డుకి ఆ గుంట మీద సన్నటి సెల్లోటేప్ ముక్క అంటించినా పని జరుగుతుంది.

ఇంకా పెద్ద సంగతి. కార్డు పెట్టగానే “ఫార్మాట్ చేయమంటారా?” అని కెమెరా అడిగితే, ఓకే నొక్కేముందు ఆగండి. ఆ కార్డులో ఏముందో మీకు గుర్తుందా? 2003 గోదావరి పుష్కరాల్లో తాతగారు పిండప్రదానం చేస్తున్న ఫోటో ఉండొచ్చు. పిల్లల అన్నప్రాసన ఉండొచ్చు. ముందు కార్డు తీసి, రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కి ఎక్కించండి. ఫోటోలు డీసీఐఎం అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అది ఏ కంపెనీ కెమెరాకైనా ఒకటే. కెమెరాని కేబుల్‌తో కలిపితే కంప్యూటర్ గుర్తించడం లేదని తల పట్టుకునేవాళ్లకీ నా సలహా ఈ రీడరే. ఆ కేబుళ్లలో కొన్ని చార్జింగుకి తప్ప ఎందుకూ పనికిరావు.

పొరపాటున చెరిపేసినా, ఫార్మాట్ చేసేసినా ఆశ వదులుకోకండి. డిలీట్ అనగానే ఫోటో మాయమైపోదు. లైబ్రరీలో కేటలాగు చీటీ చించేస్తే పుస్తకం అరలోనే ఉన్నట్టు, ఫోటో కార్డులోనే ఉంటుంది. ఆ చోట కొత్త ఫోటో పడితేనే పోతుంది. కాబట్టి ఆ క్షణం నుంచి ఆ కార్డుతో ఒక్క ఫోటో కూడా తీయొద్దు. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. జేపెగ్ ఫోటో ప్రతిదీ ఒకే గుర్తుతో మొదలవుతుంది. ఆ ప్రోగ్రాం కార్డంతా గాలించి ఆ గుర్తు ఉన్న చోటల్లా ఫోటోని బయటికి లాగుతుంది. పాత పేర్లు పోతాయి, ఫోటో దక్కుతుంది. లాగినవాటిని కంప్యూటర్‌లోకి తీసుకోవాలి తప్ప మళ్లీ ఆ కార్డులోకే రాయించకూడదు.

సరే, కెమెరా నడుస్తోంది, కార్డు రాస్తోంది. ఇక ఫోటోలు బాగా రావడం లేదనే మాట.

మసక. ఫోను అలవాటుతో వచ్చినవాళ్లు బటన్‌ని ఒక్కసారిగా కిందికి నొక్కేస్తారు. ఈ కెమెరా బటన్‌కి రెండు మెట్లున్నాయి. సగం నొక్కి ఆగితే స్క్రీన్ మీద చిన్న చతురస్రం పచ్చబడుతుంది, కీక్‌మంటుంది. ఫోకస్ కుదిరిందన్నమాట. అప్పుడు మిగతా సగం నొక్కాలి. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ తప్పిపోయిందని ఈ కెమెరాని తిట్టుకునేవాళ్లున్నారు. ముందే సగం నొక్కి పట్టుకుని ఉంటే, ఆ చేయి తలమీదికి వెళ్లినప్పుడు మిగతా సగం తక్షణం పడుతుంది. చతురస్రం పచ్చబడకపోతే పువ్వు గుర్తు వెలిగి ఉందేమో చూడండి. అది దగ్గరి వస్తువులకి. ఆ సెట్టింగులో దూరం కుదరదు, అది లేకుండా మరీ దగ్గర కుదరదు. పువ్వు పెట్టినా జూమ్ చేస్తే కుదరదు, చాలా కెమెరాల్లో జూమ్ మొత్తం వెనక్కి లాగినప్పుడే ఆ పువ్వు పని చేస్తుంది.

హాల్లో వెనక వరసలో కూర్చుని వేదిక మీది పిల్లల్ని జూమ్ చేసి ఫ్లాష్‌తో తీస్తారు. ఈ బుల్లి ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి వెళ్లదు. వెలుగంతా ముందు వరసలోని బట్టతలల మీదే ఆగిపోతుంది. పైగా చాలా కెమెరాల్లో జూమ్ పూర్తిగా సాగదీస్తే లెన్సు లోపలికి వచ్చే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. చేయి వణుకు ఎక్కువ కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపండి, జూమ్ తగ్గించండి, లేచి దగ్గరికి వెళ్లండి.

జాతరలోనో బోనాల్లోనో రాత్రి తీసిన ఫోటోల్లో గాల్లో తెల్లటి గుండ్రాలు తేలుతూ కనిపిస్తాయి. అమ్మవారు కనిపించిందనేవాళ్లున్నారు, దెయ్యమనేవాళ్లున్నారు. అది దుమ్ము. ఈ కెమెరాల్లో ఫ్లాష్ లెన్సుకి ఆనుకునే ఉంటుంది. లెన్సు ముందర అంగుళాల దూరంలో ఎగురుతున్న ధూళి మీద ఆ వెలుగు పడి, ఫోకస్‌లో లేక గుండ్రంగా విచ్చుకుని పడుతుంది. వానచినుకులూ అలాగే పడతాయి. కళ్లు ఎర్రగా పడడానికీ మూలం ఆ దగ్గరితనమే. కంటి లోపలి రక్తపు ఎరుపుని తాకిన వెలుగు నేరుగా లెన్సులోకి తిరిగొస్తుంది. గదిలో ఇంకో లైటు వేస్తే కంటిపాప చిన్నదై ఎరుపు తగ్గుతుంది.

ఇవేవీ కానిది ఒకటుంది. మెనూ బాగానే కనిపిస్తుంది, పాత ఫోటోలూ బాగానే కనిపిస్తాయి, కానీ తీయబోతే స్క్రీన్ నల్లగా ఉంటుంది, లేదా ఊదారంగు గీతలతో చెదిరిపోతుంది. అప్పుడు తప్పు సెన్సరుదో, దాని ముందుండే షట్టరుదో. 2005 అక్టోబరులో దీని మీద పెద్ద కలకలమే రేగింది. సోనీ తయారుచేసిన సీసీడీ సెన్సర్లు వేడికి, తేమకి చెడుతున్నాయని తేలి, వాటిని వాడుకున్న కానన్, నికాన్, ఫ్యూజీ లాంటి కంపెనీలు కూడా ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించాయి. వేడి, తేమ అంటే మన కోస్తా ఊళ్లే మరి. ఆ రోజుల కెమెరా మీ చేతికొచ్చి ఇలా చూపిస్తుంటే దాని మీద డబ్బు తగలేయకండి. సూర్యుడివైపు తిప్పినప్పుడు మాత్రమే నిలువుగా ఊదాగీత వస్తుంటే అది జబ్బు కాదు. సీసీడీల స్వభావమే అంత.

ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి తెచ్చిన కెమెరా లెన్సు చెమర్చుతుంది. తుడిచి తుడిచి విసిగిపోకుండా కాసేపు వదిలేయండి, అదే పోతుంది. నీళ్లలో పడితే మాత్రం ఆన్ చేసి చూడాలన్న ఆత్రం ఆపుకోవాలి. వెంటనే బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరిచి, ఫ్యాను గాలికి రోజుల తరబడి ఆరనివ్వాలి. బియ్యం డబ్బాలో పెడితే నూక, పొడి లోపలికి వెళ్లడం తప్ప ఒరిగేదేం లేదు. సముద్రపు నీళ్లయితే ఉప్పు మిగిలిపోతుంది, దాని మీద నాకు పెద్దగా ఆశ లేదు.

చివరగా స్క్రూడ్రైవర్. నాలుగు మరలే కదా అని విప్పేవాళ్లకి చెప్తున్నాను, వద్దు. ఫ్లాష్ కోసం లోపల ఒక కెపాసిటర్ దాదాపు 300 వోల్టులు నింపుకుని ఉంటుంది. బ్యాటరీ తీసేశాక కూడా ఆ చార్జి చాలాసేపు పోదు. వేలు తగిలితే మామూలు షాకు కాదు. మూత విప్పాల్సినంత పని ఉందంటే అది మెకానిక్ పని. మెకానిక్ కూడా కాదన్నాడంటే, కార్డులోని ఫోటోలు భద్రం చేసుకుని, కెమెరాని, ఉబ్బిన బ్యాటరీని ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. బాగున్న బ్యాటరీ, చార్జరు, కార్డు మాత్రం పారేయకండి. అదే మోడల్ పట్టుకుని బ్యాటరీ కోసం ఊరంతా తిరుగుతున్న కుర్రాడు మీ వీధిలోనే ఉండొచ్చు.